మూడు రోజుల సెలవు, తమన్ నెగారా అడవి

(పోయిన ఆదివారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలివి. డేటా లేక వినలేకపోయిన వాళ్ళ కోసం రాసి పెడుతున్నాం. మాట తీరు మార్చలేదు.)

మీలో కొందరు డ్యూటీ దిగి వింటుంటారు, కొందరు నైట్ షిఫ్ట్‌కి బస్సులో వెళ్తూ వింటుంటారు. దుబాయ్ వాళ్ళున్నారు, ఖతార్ వాళ్ళున్నారు, సింగపూర్ వాళ్ళున్నారు. నేను మలేషియాలో ఉంటాను. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం వైపు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేశాను. ఇక్కడికి షట్టరింగ్ హెల్పర్‌గా వచ్చాను, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌ని. పద్నాలుగేళ్ళయింది.

ఈ వారం నన్ను మాట్లాడమన్నప్పుడు, పర్మిట్ రెన్యువల్ గురించో ఓటీ లెక్క గురించో చెప్పమంటారనుకున్నాను. "అన్నా, మీరు అడవికి వెళ్ళారట కదా, ఆ కబుర్లు చెప్పండి" అన్నారు. సరే అన్నాను. అయితే అడవి ఒక్కటే చెప్తే సగం చెప్పినట్టే అవుతుంది. ఎందుకు వెళ్ళామో కూడా చెప్పాలి.

పద్నాలుగేళ్ళలో నేను చూసిన మలేషియా ఏమిటంటే సైటు, కాంగ్సీ, ఎయిర్‌పోర్టు. పండక్కి బటు కేవ్స్ మెట్లెక్కాను, కేఎల్‌సీసీ ముందు నిలబడి ఫొటో దిగాను. అంతే. వేరే దేశం వాళ్ళకి చెప్తున్నాను, కాంగ్సీ అంటే సైట్ పక్కన రేకులతో, ప్లైవుడ్‌తో కట్టే మన షెడ్లు. నవ్వొచ్చే సంగతేమిటంటే, మేం కట్టే అపార్ట్‌మెంట్ల పేర్లలో 'రింబా' అని ఉంటుంది, 'బుకిట్' అని ఉంటుంది. రింబా అంటే అడవి, బుకిట్ అంటే కొండ. పోస్టర్ మీద చెట్టు బొమ్మ వేస్తారు. సైట్‌లో నీడకి ఒక్క చెట్టు ఉండదు.

మా గ్యాంగ్‌లో ఒక షట్టరింగ్ కార్పెంటర్ ఉన్నాడు. టెక్కలి వైపు కుర్రాడు, ముప్పై లోపే. పేరు చెప్పను, వద్దన్నాడు. మంచి పనివాడు. పోయిన ఏడాది మే, జూన్ నుంచి మాట తగ్గించేశాడు. ఆదివారం వస్తే పై బంక్ ఎక్కి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం తపావ్ తెచ్చి పెడితే తినేవాడు, లేకపోతే లేదు. ఒకరోజు వాళ్ళావిడ నాకు ఫోన్ చేసింది. "అన్నయ్య గారూ, ఆయన నాతో మాట్లాడటం లేదండి. పాప ఏదైనా అడిగితే ఊఁ అంటున్నారు, అంతే. మీరొకసారి చూడండి" అంది. ఏం చెప్పాలో తెలీలేదు నాకు. పనికి టైముకి వస్తున్నాడు కదా, అంతకుమించి నేను చూడలేదు. చూడటం కూడా నా పనేనని అప్పటిదాకా అనుకోలేదు.

కొన్నాళ్ళ తర్వాత అతనే సెలవు అడిగాడు, ఒక్కరోజు. స్లాబ్ కాస్టింగ్ ఉందని నేను కాదన్నాను. మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళిపోవడం నాకు నచ్చలేదు. రాత్రి నిద్ర పట్టలేదు.

మెర్డెకా సెలవు వస్తోంది, ఆగస్టు 31. దానికి రెండు రోజులు కలిపితే మూడు రోజులు. ఐదుగురం ఎక్కడికైనా వెళ్దామన్నాను. ఒకడు గెంటింగ్ అన్నాడు, ఒకడు పెనాంగ్ అన్నాడు. ఈ కుర్రాణ్ణి అడిగాను. చాలాసేపు ఆగి, "మనుషులు తక్కువుండే చోటికి" అన్నాడు. అలా తమన్ నెగారా ఖాయమైంది.

ఇక్కడ పాస్‌పోర్టుల సంగతి వచ్చింది. నలుగురివీ ఆఫీసు లాకర్‌లో ఉన్నాయి. ఒక నిజం చెప్తాను, నన్ను తిట్టుకోండి పరవాలేదు. చాలా ఏళ్ళ కిందట వేరే కంపెనీలో పని చేసేటప్పుడు, కొత్తగా దిగిన కుర్రాళ్ళ పాస్‌పోర్టులు వసూలు చేసి, రబ్బరు బ్యాండ్ వేసి, కవర్లో పెట్టి ఆఫీసులో ఇచ్చినవాణ్ణి నేనే. "భద్రంగా ఉంటాయిరా" అని చెప్పాను. ఇతరుల పాస్‌పోర్టు సరైన అధికారం లేకుండా దగ్గర పెట్టుకోవడం ఈ దేశంలో 1966 పాస్‌పోర్టుల చట్టం కింద నేరమని నాకప్పుడు తెలీదు. తెలిసినా అడిగే ధైర్యం ఉండేది కాదేమో.

ఈసారి అడిగాను. "వీళ్ళు పారిపోతే?" అన్నారు. "నేను సంతకం పెడతాను" అన్నాను. రెండుసార్లు తిరిగాక నాలుగు పాస్‌పోర్టులూ నా చేతిలో పెట్టారు. నేను ఎవరిది వాళ్ళకి ఇచ్చేశాను. ఒకడు తన ఫొటో చూసుకుని, "సార్, నేను ఇంత సన్నగా ఉండేవాణ్ణా?" అన్నాడు.

ఇప్పుడు దారి చెప్తాను, వెళ్ళాలనుకునే వాళ్ళకి పనికొస్తుంది. కేఎల్ నుంచి జెరాంటుట్ అనే ఊరికి బస్సులున్నాయి. అక్కడి నుంచి కువాలా తహాన్‌కి రోడ్డు మీద గంటన్నర దాకా పడుతుంది. ఇంకో దారి, కువాలా టెంబెలింగ్ రేవు నుంచి పడవ. టెంబెలింగ్ నది మీద ఎగువకి 60 కిలోమీటర్ల దాకా, రెండున్నర మూడు గంటలు. మేం వెళ్ళేటప్పుడు రోడ్డున వెళ్ళాం, డబ్బు తక్కువని. కువాలా తహాన్ ఊరు నదికి ఇవతల ఒడ్డు, అడవి అవతల ఒడ్డు. నీళ్ళ మీద తేలే హోటళ్ళుంటాయి. అక్కడ భోంచేసి చిన్న పడవలో దాటాలి. అటు ఒడ్డున ఎంట్రీ పర్మిట్, కెమెరా ఉంటే దానికో పర్మిట్ తీసుకోవాలి.

దారిలో ఒకచోట పోలీసు చెకింగ్. వ్యాన్ ఆపారు. మామూలుగా అయితే మావాళ్ళకి చెమటలు పడతాయి. ఈసారి నలుగురూ జేబులోంచి పాస్‌పోర్టు తీసి చూపించారు. పర్మిట్ పేజీ చూసి, ఎక్కడికని అడిగి, "సెలమత్ జలన్" అని పంపేశారు. అర నిమిషం పని. వ్యాన్ కదిలాక ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి నవ్వారు.

ఆ అడవి సంగతి కొంచెం చెప్పాలి. 4,343 చదరపు కిలోమీటర్లు. పహాంగ్, కెలంతాన్, తెరెంగాను, మూడు రాష్ట్రాల్లో పరుచుకుని ఉంది. 13 కోట్ల సంవత్సరాల నాటి అడవి అని చెప్తారు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో, 1938-39లో, కింగ్ జార్జ్ ఫైవ్ నేషనల్ పార్క్ అని పెట్టారు. స్వతంత్రం వచ్చాక పేరు మారింది. తమన్ నెగారా అంటే మలయ్ భాషలో జాతీయ ఉద్యానవనమనే.

దీని వెనక ఒక మనిషి ఉన్నాడు, థియోడర్ హబ్బాక్ అని. మొదట వేటగాడు. ఏనుగుల్ని, అడవి ఎద్దుల్ని వేటాడినవాడు. తర్వాత మనసు మారి, ఈ అడవిని కాపాడాలని ఏళ్ళ తరబడి ప్రభుత్వం చుట్టూ తిరిగాడు. ఇతని అన్న ఆర్థర్ హబ్బాక్ ఆర్కిటెక్ట్. కేఎల్ పాత రైల్వే స్టేషన్, మస్జిద్ జమెక్ డిజైన్ చేసింది ఆయనే. కేఎల్‌లో ఉన్న వాళ్ళందరూ ఆ రెండూ చూసుంటారు. ఇటుక మీద ఇటుక పేర్చే పనిలో ఉన్నవాణ్ణి కదా, అన్న పేరు ముందే విన్నాను. తమ్ముడి సంగతి అక్కడికెళ్ళాకే తెలిసింది.

మొదటి రోజు బుకిట్ తెరెసెక్ ఎక్కాం. చెక్క మెట్ల దారి, పెద్ద కష్టం కాదు, చెమట మాత్రం స్నానం చేసినట్టు పోస్తుంది. మబ్బు లేకపోతే పైనుంచి గునుంగ్ తహాన్ కనిపిస్తుంది. మలేషియా ద్వీపకల్పంలో ఎత్తయిన కొండ అదే, 2,187 మీటర్లు. మా మందస వైపు నుంచి కనబడే మహేంద్రగిరి 1,501 మీటర్లు. గునుంగ్ తహాన్ ఎక్కి దిగాలంటే వారం పడుతుందట. మాకు అంత సెలవెక్కడిది, దూరం నుంచి చూసి దండం పెట్టుకున్నాం.

దారిలో కొన్ని చెట్లకి పేర్ల బోర్డులుంటాయి. ఒక చెట్టు దగ్గర మా కుర్రాడు ఆగిపోయాడు. దాని వేళ్ళు గోడల్లా లేచి ఉన్నాయి, మనిషి నిలబడితే దాక్కోవచ్చు. బోర్డు మీద 'మెరాంతి' అని ఉంది. అరచెయ్యి బెరడుకి ఆనించి, "ఇదా సార్ మెరాంతి?" అన్నాడు. రోజూ భుజం మీద మోసే పలక అది. మేకులు కొట్టి, కాంక్రీటు పోసి, పీకి, మళ్ళీ కొట్టేది. ఆ రోజు పొద్దుట్నుంచి అతను మాట్లాడిన మొదటి మాట అదే.

కనోపీ వాక్‌వే అని ఉంది. తాళ్ళు, నిచ్చెనలు, పలకలతో చెట్టు నుంచి చెట్టుకి కట్టిన ఊగే వంతెన. నలభై మీటర్ల దాకా ఎత్తు. మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉంచి పంపుతారు. నేనేమో అలవాటు కొద్దీ ముడులు, కట్లు చూసుకుంటూ నడిచాను. వెనకాల నుంచి ఒకడు, "బాస్, ఇన్‌స్పెక్షన్ ఆపి చెట్లు చూడండి" అని అరిచాడు. నిజమే మరి. ఎత్తున నిలబడి, హార్నెస్ లేకుండా, చేతిలో పని లేకుండా ఉండటం నాకు అదే మొదటిసారి. వానొస్తే మూసేస్తారు, రిపేర్లకి కూడా మూస్తుంటారు. ముందే కనుక్కుని వెళ్ళండి.

రెండో రోజు తెల్లవారుజామున ఐదు గంటలకి లేచి చూస్తే ఆ కుర్రాడి పక్క ఖాళీ. బ్యాగు ఉంది, మనిషి లేడు. బాత్రూంలో లేడు, బయట లేడు. ఆ నిమిషంలో నా బుర్రలో ముందు ఏమొచ్చిందో దాచకుండా చెప్తాను. ఆఫీసులో పెట్టిన సంతకం గుర్తొచ్చింది. ఆ తర్వాత వాళ్ళావిడ ఫోను. ఆ తర్వాత నది. ఈ వరసలో వచ్చాయి. ఆ వరస తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చెప్పులు కూడా వేసుకోకుండా రేవులోకి పరిగెత్తాను. అక్కడ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నది మీద పొగమంచు. అవతల అడవిలో గిబ్బన్లు కూస్తున్నాయి. ఇక్కడివాళ్ళు వాటిని ఊంకా అంటారు. ఒకటి మొదలెడితే ఇంకోటి అందుకుంటుంది, కూత సాగిసాగి పైకి పోతుంది. "ఏటి, ఇక్కడ కూర్చున్నావు?" అన్నాను. "అవి ఎక్కడున్నాయో చూద్దామని సార్" అన్నాడు. పక్కన కూర్చున్నాను. నా మోకాళ్ళు వణుకుతున్నాయి, అతను గమనించాడో లేదో. కాసేపటికి రెండు పెద్ద పక్షులు నది దాటాయి. హార్న్‌బిల్‌లు. రెక్కల చప్పుడు కిందకి వినిపించింది, ఎవరో రంపం లాగుతున్నట్టు.

ఆ రోజే బుంబున్‌కి వెళ్ళాం. బుంబున్ అంటే అడవిలో కట్టిన దాక్కునే గది. కింద స్తంభాలు, పైన మంచాలు, ముందు పొడవాటి కిటికీ. ఎదురుగా ఉప్పు మట్టి ఉన్న ఖాళీ జాగా. ఉప్పు కోసం జంతువులు అక్కడికొస్తాయి. మనం రాత్రంతా చీకట్లో కూర్చుని చూడాలి. మేం వెళ్ళింది బుంబున్ కుంబాంగ్. నడిచి వెళ్తే 11 కిలోమీటర్లు, మాకు ఆరు గంటలు పట్టింది. ఎక్కి దిగే దారి, వాగులు, వేళ్ళు. గైడ్‌ని పెట్టుకున్నాం, పెట్టుకోకుండా వెళ్ళొద్దు. పార్క్ ఆఫీసులో ముందే బుక్ చేసుకోవాలి.

చెప్పుల సంగతి. సేఫ్టీ షూ వేసుకెళ్ళకండి, నీళ్ళు తాగి బరువెక్కి జారుతాయి. రబ్బరు తోటల వాళ్ళు వేసుకునే నల్ల రబ్బరు బూట్లు ఉంటాయి కదా, ఇక్కడ 'అడిడాస్ కంపుంగ్' అని సరదాగా పిలుస్తారు, అవి కొనుక్కోండి. చవక, పట్టు బాగుంటుంది. పొడుగు ఫుట్‌బాల్ సాక్సు వేసి ప్యాంటు అందులో దోపండి. ఎందుకంటే జలగలు. ఆకు మీద లేచి నిలబడి మనకోసం ఎదురు చూస్తుంటాయి. మా గ్యాంగ్‌లో అందరికంటే ధైర్యంగా మాట్లాడేవాడికి ఏడు పట్టాయి. పీకేసినా రక్తం చాలాసేపు ఆగదు, భయపడొద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు తక్కువ కాకుండా మోసుకెళ్ళండి.

బుంబున్‌లో సాయంత్రం ఆరు నుంచి నోరు మూసుకుని కూర్చున్నాం. ఐదుగురం షిఫ్టులు వేసుకున్నాం, ఇద్దరు చూడాలి, ముగ్గురు పడుకోవాలి. మనకి వచ్చిన విద్య అదే కదా! తొమ్మిది దాకా మిణుగురులు తప్ప ఏమీ లేదు. పదింటికి గదిలోకి ఎలకలొచ్చి మా బిస్కెట్లు పట్టుకుపోయాయి. పన్నెండున్నరకి ఒక కణుజు వచ్చింది. మీకు సాంబర్ అంటే తెలుస్తుంది. మట్టి నాకి, తలెత్తి, మళ్ళీ నాకి వెళ్ళిపోయింది. అంతే. నిజం చెప్పాలంటే చాలామందికి ఆ మాత్రం కూడా కనిపించదట. పులి కనిపిస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. మలేషియా దేశం మొత్తం మీద అడవుల్లో మిగిలింది 150 కంటే తక్కువ. ఈ దేశం రాజముద్ర మీద రెండు పులులుంటాయి, పర్మిట్ కాగితాల మీద రోజూ చూస్తుంటాం.

రెండూ ముప్పావుకి ఎవరో నా భుజం మీద రెండుసార్లు తట్టారు. ఆ కుర్రాడే. అతని షిఫ్టు అయిపోయి చాలాసేపయింది, అయినా పడుకోలేదు. వేలితో చూపించాడు. మొదట నాకు ఒక తెల్లటి ముద్ద మాత్రం కనిపించింది, చీకట్లో తనంతట తాను కదులుతున్నట్టు. గైడ్ లైటు ఒక్క క్షణం వేసి తీసేశాడు. టాపిర్. ముందు భాగం, కాళ్ళు నలుపు, నడుము నుంచి వెనక తెలుపు. పంది అందామంటే గేదె దూడంత ఉంది, ముక్కేమో ఏనుగు తొండానికి మొదలు పెట్టి వదిలేసినట్టుంది. బురదలో కాలు పెట్టి తీసినప్పుడల్లా చప్పుడొచ్చింది. పావుగంట ఉంది. మిగతా వాళ్ళని లేపాలని కూడా మాకు తోచలేదు.

మా ఉద్దానంలో అడవి జంతువంటే ఎలుగుబంటి. జీడితోటల్లో ఎప్పుడు మీద పడుతుందోనని భయం. మనిషికి భయం లేకుండా, జంతువుకి భయం లేకుండా, ఊరికే ఒకదాన్ని చూడటం నా నలభై ఆరేళ్ళలో అదే మొదలు.

పొద్దున్న కువాలా ట్రెంగ్గాన్ దాకా నడిచి పడవలో తిరిగొచ్చాం. ఊళ్ళో సిగ్నల్ రాగానే ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. హోటల్లో పక్క బల్ల మీద కూర్చున్నాం, వినాలని వినలేదు గానీ వినబడింది. పాపతో చెప్తున్నాడు. "నల్ల దూడకి తెల్ల పంచె కట్టినట్టుందే అమ్మా. కాదు, కరవదు. గడ్డే తింటది." ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మా చాయ్‌లు చల్లారిపోయాయి.

అడవికెళ్ళి రాగానే అతనికి అంతా బాగైపోయిందని నేను చెప్పను. అలా ఏం జరగలేదు. తర్వాత కూడా పడుకునే ఆదివారాలు వచ్చాయి. కానీ ఒకరోజు తనే నా దగ్గరికొచ్చి, "సార్, నాకు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలనుంది" అన్నాడు. వెళ్ళాం. మందులిచ్చారు. డిసెంబరులో ఇంటికి రెండు నెలలు వెళ్ళాడు. తిరిగొచ్చాడు. ఇప్పుడు మా సైట్‌లోనే ఉన్నాడు. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది, నలుగురిదీ ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంది. తిరిగి ఆఫీసుకి ఇవ్వమని వాళ్ళకి నేను చెప్పలేదు. ఆఫీసు వాళ్ళు నన్ను అడిగారు. చట్టం పేరు చెప్పాను. గొంతు కొంచెం వణికింది గానీ చెప్పాను.

కొన్ని పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తాను.

మలేషియాలో ఉన్న వాళ్ళకి. ఇక్కడి 1955 ఎంప్లాయ్‌మెంట్ చట్టం ప్రకారం వారానికి ఒకరోజు విశ్రాంతి మన హక్కు. 2023 జనవరి 1 నుంచి వారానికి 45 గంటలే మామూలు పని, మిగతాది ఓటీ. ఏడాది సెలవు, రెండేళ్ళ లోపు సర్వీసుకి 8 రోజులు, రెండు నుంచి ఐదేళ్ళ లోపు 12, ఐదేళ్ళు దాటితే 16. జీతంతో వచ్చే సెలవు ఇది, ఎవరూ దయతో ఇచ్చేది కాదు. నాలాంటి సూపర్‌వైజర్లు వింటుంటే, స్లాబ్ ఒకరోజు ఆగినా బిల్డింగ్ పడిపోదు.

అడవికి వెళ్ళేవాళ్ళు మార్చి నుంచి సెప్టెంబరు లోపు వెళ్ళండి. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వరదలు. ఆ అడవిలోనే బాతెక్ అనే ఆదివాసీలు ఉంటారు. వాళ్ళ ఊరు చూపిస్తామని టూర్లు తీసుకెళ్తారు. అడక్కుండా ఫొటోలు తీయొద్దు. మన కాంగ్సీలోకి ఎవరో వచ్చి మనం అన్నం తింటుంటే ఫొటో తీస్తే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

ఇంకొకటి, గట్టిగా చెప్తున్నాను. సైట్ పక్క తుప్పల్లో ఉడుముని పట్టి కూరొండుకోవడం, ఎవరో అమ్మితే అడవి మాంసం కొనడం, కేబుల్ వైరుతో ఉచ్చు పన్నడం, ఇవేవీ వద్దు. ఉడుము కూడా ఇక్కడ రక్షణలో ఉన్న జంతువే. 2010 వన్యప్రాణి చట్టం కింద జైలు, పెద్ద జరిమానా. పర్మిట్ పోతుంది, ఇంటికి పంపేస్తారు. ఒక పూట కూర కోసం అప్పు చేసి వచ్చిన వీసా పోగొట్టుకోవద్దు. అడవిలో మా గైడ్ చెప్పాడు, పులులు తగ్గడానికి ఒక కారణం ఈ వైరు ఉచ్చులేనని. రోజూ బైండింగ్ వైరు తిప్పే చేతులు మనవి. ఆ మాట విని మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

చివరగా, మీ గదిలో ఎవరైనా మాట తగ్గించేస్తే, పడుకునే ఉంటే, 'వాడంతేలే' అని వదిలేయొద్దు. పక్కన కూర్చోండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. కేఎల్‌లో బిఫ్రెండర్స్ అనే సంస్థ వాళ్ళు ఇరవై నాలుగు గంటలూ ఫోన్‌లో మాట్లాడతారు. ఇండియాలో ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు బెంగ పెట్టుకుంటే టెలీ మానస్ ఉంది, 14416. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులక్కర్లేదు.

వచ్చే మెర్డెకాకి మళ్ళీ వెళ్దామంటున్నారు మావాళ్ళు. ఈసారి పదిమందిమి. సెలవు కాగితాలు నా టేబుల్ మీదే ఉన్నాయి. రేపు పొద్దున్న సంతకాలు పెట్టి ఆఫీసులో ఇస్తాను. ఉంటానండీ. జాగ్రత్తగా ఉండండి. హెల్మెట్ పెట్టుకోండి.